ఎనిమిదో చెయ్యి

తమిళనాడులో ఏలగిరి కొండ మీద రిసార్టులో దిగీ దిగగానే రామచంద్ర మనిషి ఒకడు గుడ్డసంచి పట్టుకుని గదిగదికీ తిరిగి సెల్‌ఫోన్లు వసూలు చేసుకున్నాడు. అడిగిన తీరు మర్యాదగానే ఉంది. "సార్జింగ్ పెట్టి ఇస్తామక్కా" అన్నాడు. దేవకమ్మ ఫోను చేతిలోనే పట్టుకుని "దీంట్లో సార్జింగు నిండుగా ఉండాదే" అంది. ఆమె మొగుడు మునిరత్నం "ఇచ్చెయ్ మే, అన్న చెప్పినాక" అని తన ఫోను ముందుగా సంచిలో వేశాడు.

దీన్ని క్యాంపు అంటారు. ఎన్నికైన మెంబర్లను ఓటు రోజు వరకు అవతలి వర్గం కంట పడకుండా ఊరు దాటించి, వీలైతే రాష్ట్రం దాటించి, తిండికీ పడకకూ లోటు లేకుండా కాపలా కాయడానికి పెట్టిన పేరు. మేకల్ని దొడ్లోకి తోలి తడిక వేస్తే దాన్ని మాత్రం ఎవరూ క్యాంపు అనరు. ఇందులో ఇంకో తమాషా ఉంది. అవతలి వర్గమంటే అవతలి పార్టీ కాదు. ఎగువపాళెం మండలంలో ఉన్న పన్నెండు మంది ఎంపీటీసీలదీ ఒకే పార్టీ, ఒకే గుర్తు, ఒకే రంగు కండువా. పార్టీ మండల కన్వీనరు రామచంద్రది ఒక వర్గం. నియోజకవర్గ ఇన్‌ఛార్జి దామోదరానిది ఇంకో వర్గం. ఫ్లెక్సీల మీద ఇద్దరూ భుజాలు రాసుకుంటూ నవ్వుతుంటారు. కింద నేల మీద ఒకరు కూర్చున్న కుర్చీలో ఇంకొకరు కూర్చోరు.

రామచంద్ర ఇప్పుడు ఎంపీపీ సంతోషమ్మను గద్దె దించాలనుకున్నాడు. ఆమె దామోదరం మనిషి. అవిశ్వాస తీర్మానం గెలవాలంటే ఎనిమిది చేతులు లేవాలి. రామచంద్ర దగ్గర సరిగ్గా ఎనిమిది చేతులే ఉన్నాయి. ఎనిమిదోది దేవకమ్మది.

మరునాడు తెల్లవారకముందే దేవకమ్మకు మెలకువ వచ్చింది. ఇంటి దగ్గరైతే ఆ వేళకు ఆవు పొదుగు కడిగి, చన్నులకు కాస్త ఆముదం రాసి, మోకాళ్ల మధ్య బిందె ఇరికించుకుని కూర్చుని ఉండేది. ఇక్కడ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వేళ్లు విరుచుకుంటోంది. చేతికి పని లేకపోతే ఆమెకు ఒళ్లంతా ఏదోలా ఉంటుంది. మిగతా ఆడ మెంబర్లు కొళాయిలో వేడినీళ్లు వస్తున్నాయని ఒకర్నొకరు పిలుచుకుని చూపించుకుంటున్నారు. ఆమెకు ఆ సంబరం రాలేదు.

కాఫీలయ్యాక ఫోనుసంచి కుర్రాడు వచ్చాడు. ఇంటికి ఒక్కసారి మాట్లాడుకోవచ్చనీ, స్పీకరు పెట్టి తన ఎదుటే మాట్లాడాలనీ చెప్పాడు.

"రాజకీయాలు మాట్లాడొద్దక్కా."

"ఆవుకు ఓటు లేదులే నాయనా" అంది దేవకమ్మ.

ఇంటర్ చదివే కూతురు మోహన ఫోనెత్తింది. ఎత్తడంతోనే ఏడుపు గొంతు. "ఆవు తన్నిందిమా. బిందె సొట్ట పోయింది. అవ్వను కూడా దగ్గరికి రానీలే."

"నీకేం తగల్లేదు గదా? ఇను. దండెం మీద నా పాత పచ్చసీర ఉండాది. అది సుట్టుకొని పో. ముందు దూడను వదిలి రెండు గుటకలు తాగనీ, దాని తర్వాత కూసో. చెయ్యి బిగించొద్దు. కింద నించి పైకి కాదు, పైనించి కిందికి. తెలిసినాదా?"

"తెలిసినాది. నువ్వెప్పుడొస్తావుమా?"

దేవకమ్మ కుర్రాడి వైపు చూసింది. వాడు తల అడ్డంగా ఊపాడు. "నన్ను వదిల్నప్పుడు వస్తాలే పాపా" అని ఫోను వాడి చేతిలో పెట్టింది.

పొద్దెక్కాక రామచంద్ర వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట మూడు నామాలు, వెనక ఇద్దరు మనుషులు అట్టపెట్టెలు మోస్తూ. "నిన్న తిరుమల కొండకు పొయ్యొస్తినమ్మా. మీ అందరి పేరు మీదా మొక్కుకుంటి. తీసుకోండి ప్రసాదం" అంటూ తన చేత్తోనే తలా ఒక లడ్డూ ఇచ్చాడు. పెద్ద లడ్డూలు. అందరూ కళ్లకద్దుకుని తినడం మొదలుపెట్టాక, అందరి నోళ్లూ నిండాక, ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"మనకు పార్టీ ముఖ్యం. మనిషి ముఖ్యం కాదు. సంతోషమ్మ మన పార్టీ పేరు సెడగొట్టింది. మండలానికి వచ్చిన బోరు డబ్బు మింగేసింది. అట్లాంటి మనిషిని మనం మొయ్యల్నా?"

దేవకమ్మ లడ్డూ తుంచుతున్నది ఆగింది. "ఏ బోరన్నా?"

"ఇంకే బోరు? మీ గుండ్లపల్లెకు ఏసిందే."

"మా ఊరి బోర్లో నీల్లు వస్తాండాయి గదన్నా. నేను నిన్న కారెక్కేముందు ఆ నీల్లే తాగొచ్చినా. డబ్బు ఆయమ్మ మింగుంటే బోరు ఎవురేసినట్టు?"

ఎవరో లడ్డూ గొంతుకు అడ్డం పడి దగ్గారు. ఇంకెవరో నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ బోరు సంగతి అక్కడున్న వాళ్లలో తెలియనివాళ్లు లేరు. పశువుల తొట్టికని కాగితాల్లో చూపించి తన మామిడితోట పక్కన వేయమని రామచంద్ర అడిగాడు. సంతోషమ్మ సరేనని తలూపి, బోరు లారీని తీసుకెళ్లి గుండ్లపల్లె కాలనీలో దింపింది. ఆ రోజు నుంచే పార్టీ రెండుగా చీలింది. పైకి మాత్రం సిద్ధాంతమనీ క్రమశిక్షణనీ పెద్ద పెద్ద మాటలు చెబుతుంటారు.

రామచంద్ర కోపగించుకోలేదు. అతనిలో ఉన్న గొప్ప గుణం అదే, కోపం ముఖం మీదికి రానివ్వడు. "మా దేవకమ్మకు పాల లెక్క తెలుసు గానీ బిల్లుల లెక్క యాడ తెలుసప్పా" అని నవ్వాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మునిరత్నం నవ్వాడు. తర్వాత రామచంద్ర చెయ్యి తుడుచుకుంటూ మామూలుగా చెప్పేశాడు. "ఇంగొకటి. రేపు దిగేటప్పుడు కాణిపాకం మీద పోదాం. స్వామి ముందర అందరం ప్రమాణం చేసేస్తే మనసుకు ఒక నిమ్మళం."

కాణిపాకంలో ప్రమాణం అంటే ఆ చుట్టుపక్కల ఎవరికీ ఆటగా ఉండదు. పొలం గట్ల తగువులు, దొంగతనాల తగువులు, మొగుడూ పెళ్లాల అనుమానాలు పోలీసు స్టేషన్లో తెగనివి అక్కడ తెగుతాయి. తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి అబద్ధం చెప్పినవాడు బాగుపడ్డాడని ఎవరూ చెప్పగా వినలేదు. దేవకమ్మకు కూడా ఆ దేవుడంటే భయమే. లడ్డూ సగం కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది.

గదిలోకి వచ్చాక మునిరత్నం తలుపు దగ్గరగా వేశాడు. "అందరి ముందర అట్లా అడగొచ్చునా మే? అన్నకు ఎట్లుంటాది?"

"నిజం అడిగితే ఎట్లుంటాది?"

"చూస్తివి గదా, వచ్చేటప్పుడు కార్లో నన్ను ముందు సీట్లో కూసోబెట్టించినాడు. డ్రైవరు పక్కన. ఇన్నేండ్లకు మనల్ని ఎవురు కూసోబెట్టినారు అట్లా?" ఆ మాట చెబుతున్నప్పుడు అతని ముఖంలో ఉన్న వెలుగు చూసి దేవకమ్మకు తిట్టబుద్ధి కాలేదు. ఊళ్లో 'ఎంపీటీసీ' అని పిలిస్తే పలికేది అతనే. మీటింగులకు పోయేది, కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టి సంతకం ఎక్కడ చేయాలో వేలితో చూపించేది కూడా అతనే. అతనికి ఆశలు పెద్దవి కావు. పదిమందిలో తనని పేరు పెట్టి పిలవాలి, అంతే.

"నాయమ్మ పెట్టిన పేరు దేవకి. పార్టీ నాకు పెట్టిన పేరు ఎనిమిది" అందామె చీర మడత పెట్టుకుంటూ. అతనికి అర్థం కాలేదు.

* * *

కాణిపాకంలో కార్లు దిగేసరికి మధ్యాహ్నమైంది. ఎండ నెత్తిన పొడుస్తోంది. రామచంద్ర మనుషులు టెంకాయలు, కర్పూరం, కొత్త తువ్వాళ్లు ముందే తెచ్చి పెట్టారు. మెంబర్లు, వాళ్లతో వచ్చిన మొగుళ్లు కొళాయిల కింద వంగి నెత్తిన నీళ్లు పోసుకుంటున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు.

రామచంద్ర మాత్రం కారు దగ్గరే నిలబడ్డాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"నువ్వు రావా అన్నా?" అని ఒక మెంబరు అడిగాడు.

"నేను రాగూడదప్పా. మాకు పురుడు. మా చిన్నాయన మనవరాలికి కానుపైంది. మీరు పోయి చేసి రాండి. నేను ఈడనించే దణ్ణం పెట్టుకుంటా."

అందరూ తలలూపారు. పురుడంటే ఎవరేమంటారు? దేవకమ్మ అప్పుడే కొళాయి దగ్గరికి పోతూ కాలు వెనక్కి తీసుకుంది. మొన్ననే కొండకు పోయి, దర్శనం చేసుకుని, ఇదే చేత్తో లడ్డూలు పంచిన మనిషి. అంటే ఎనిమిది మందినీ దేవుడి దగ్గరికి పంపి, తాను ఏ మాటకీ కట్టుబడకుండా నీడలో నిలబడే ఉపాయం. బోరు డబ్బు సంతోషమ్మ మింగిందని దేవుడి ముందు చెప్పే ధైర్యం ఆ మనిషికి లేదు. దేవకమ్మకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక ఆలోచన కూడా వచ్చింది.

ఆమె తిన్నగా పోయి కారుకు ఎదురుగా, టెంకాయల అంగడి మెట్టు మీద కూర్చుంది.

"ఏమ్మా దేవకమ్మా, నీల్లు పోసుకోలేదే? అందరూ లోపలికి పోతాండారు" అన్నాడు రామచంద్ర.

"నేనూ రాగూడదన్నా. బయట చేరినా."

పక్కనున్న రామచంద్ర మనుషులు చటుక్కున తలలు తిప్పుకుని టెంకాయల వైపు చూడసాగారు. నలభై ఆరేళ్ల ఆడమనిషి ఆ మాట అంటే, నిజమా అబద్ధమా అని ఏ మగవాడు అడుగుతాడు? తడిపంచెతో వచ్చిన మునిరత్నం పెళ్లాం ముఖంలోకి చూశాడు. అతనికి తెలుసు. తెలిసినా నలుగురిలో ఏమని చెబుతాడు? నీళ్లు కారుతున్న జుట్టును రెండు చేతులతో వెనక్కి నెట్టుకుంటూ నిలబడిపోయాడు.

"ఎప్పుడమ్మా?" అన్నాడు రామచంద్ర చివరికి.

"పొద్దున. కొండ దిగతాంటేనే."

"సరే, ఈడనించే గోపురాన్ని చూసి చెప్పేయ్. స్వామికి అన్నీ తెలుసు."

"మైలతో ప్రమాణం చేస్తే చేయించినోల్లకు తగుల్తాదంటారన్నా. నాకేం లేదు, నీ గురించే భయం." దేవకమ్మ కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది. "పోనీ ఒక పని చేద్దాం. నీకు పురుడు, నాకు ముట్టు. ఇద్దరం ఇద్దరమే. బోరు డబ్బు ఆయమ్మే తినిందని నువ్వు ఈడనించి చెప్పు. చెయ్యెత్తుతానని నేనూ ఈడనించే చెప్తా."

అంగడి ముసలాయన టెంకాయ పీచు తీస్తున్నవాడు ఆగి ఇటు చూశాడు.

"పురుట్లో నేనెట్ల చేస్తానమ్మా?"

"నిజమేలే. ఎవురన్నా, ఆడబిడ్డా, మగబిడ్డా?"

రామచంద్రకు ఆ ఒక్క సంగతి ముందుగా అనుకుని పెట్టుకోవాలని తోచలేదు. "మగ..." అని, తన మనుషుల్లో ఒకడి వైపు చూసి, "ఆడబిడ్డే, ఆడబిడ్డ" అన్నాడు.

"సంతోషం. మొన్న నువ్వు కొండకు పోయేటప్పటికి పుట్టలేదు గదా, అదొక మేలు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె అబద్ధమాడుతోందని అతనికి తెలుసు. అతను అబద్ధమాడాడని ఆమెకు తెలుసు. ఆమెది బయటపెట్టాలంటే అతనిది కూడా బయటపడుతుంది. రామచంద్ర కారెక్కి తలుపు వేసుకుని అద్దం పైకెత్తుకున్నాడు.

లోపలి నుంచి వాళ్లు తిరిగి వచ్చేటప్పుడు ఎవరి ముఖంలోనూ నిమ్మళం కనబడలేదు. మునిరత్నం అందరికంటే వెనగ్గా వచ్చాడు. అద్దం మళ్లీ కిందికి దిగింది. "చేసినారాప్పా?" అని కారులోంచి ప్రశ్న.

"చేసినాం అన్నా" అన్నాడు మునిరత్నం. "మా ఆమె తరపున కూడా నేనే చేసేసినా. ఆమె చెయ్యెత్తకపోతే నా ఇంటికి కీడు రావాలని కర్పూరం ఆర్పినా."

రామచంద్ర నవ్వాడు. మెట్టు మీద కూర్చున్న దేవకమ్మ గోపురం వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

* * *

ఆ సాయంత్రం వాళ్లను చంద్రగిరిలో ఒక కల్యాణ మంటపంలో దించారు. పొద్దున్నే ఎంపీడీవో ఆఫీసుకు తీసుకుపోతారు. మంటపం వెనక నీళ్ల తొట్టి దగ్గర దేవకమ్మ మొగుడి పంచె జాడిస్తోంది. కాణిపాకంలో తడిసిన పంచే. అంచులకు కర్పూరం మసి అంటింది. రుద్దుతుంటే మసి పోతోంది గానీ ఆమె రుద్దడం ఆపలేదు.

మునిరత్నం వచ్చి పక్కన గట్టు మీద కూర్చున్నాడు. "కోపమా?"

"భయం" అంది దేవకమ్మ. "మోహనకు ఏమన్నా అవుతాదేమోనని భయం. నీకేమన్నా అవుతాదేమోనని భయం. కడుపుతో ఉండే ఆ రెండో ఆవుకు ఏమవుతాదోనని కూడా భయమే. ఆ దేవుడంటే నాకు లెక్క లేదనుకుంటివా?"

"అందుకే గదా, ఆ చెయ్యేదో ఎత్తేస్తే అయిపోతాది. ఎంతసేపు? ఎత్తేది, దించేది."

దేవకమ్మ పంచె మెలిపెట్టి పిండింది. నీళ్లన్నీ కారిపోయాక కూడా ఇంకోసారి మెలిపెట్టింది. "మామా, ఒకటడగతా. మన ఆవును నువ్వు సంతలో అమ్మొచ్చు. మన పక్కింటోల్ల ఆవును అమ్ముకొచ్చి, అమ్మేసినాను ఏం చేసేది అంటే ఆ బేరం చెల్లతాదా?"

"ఎట్ల చెల్లతాది?"

"ఈ చెయ్యి నీదా?"

మునిరత్నం గట్టు మీది నాచును గోటితో గీకాడు.

"సంతకానికి ఏలు సూపించినావు, చేసినా. మీటింగుకు నువ్వే పోయినావు, పోనీ అనుకున్యా. ఇప్పుడు నా చెయ్యిని తీసకపోయి దేవుని కాడ కుదవ పెట్టొచ్చినావు. నన్నడిగినావా? స్వామి అంత గుడ్డోడు కాదు. ఎవురిది ఎవురు పెట్టినారో ఆయనకు తెలీకుండా ఉంటాదా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని తడి మోచేత్తో తుడుచుకుంది. "తెలీకుండా ఉంటే నేనే పోయి చెప్తా. ఈ పొద్దు నేనాడిన అబద్ధం కూడా చెప్తా. శిక్షేమన్నా ఉంటే నాకే ఏసుకోమంటా. గానీ ఆయమ్మ తెచ్చిచ్చిన నీల్లు తాగి, ఆయమ్మ మీద చెయ్యెత్తను."

"అన్న ఊరుకుంటాడా మే?"

"ఊరుకోకపోతే ఏం చేస్తాడు? నా పేరు ఎనిమిదే గదా. ఏడుతో సరిపెట్టుకోమను."

పంచె దులిపి దండెం మీద ఆరేసింది. మునిరత్నం ఆ పంచె వైపు చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

* * *

పొద్దున ఎంపీడీవో ఆఫీసు ముందు జనం. పోలీసులు తాడు కట్టారు. మెంబర్లను వ్యానులో తెచ్చారు. మునిరత్నాన్ని మాత్రం ఆటోలో రమ్మన్నారు, కార్లో చోటు లేదట. ఎందుకు లేదో కాసేపటికి తెలిసింది. రామచంద్ర తెల్లకారు వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి దామోదరం దిగాడు.

జనం ముందు నమ్మలేదు. తర్వాత ఈలలు వేశారు. ఇద్దరూ ఒకరి మెడలో ఒకరు కండువా వేసుకున్నారు. ఎవరో వెయ్యివాలా సరానికి నిప్పు పెట్టారు. పొగలో నిలబడి దామోదరం చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "ఇంట్లో అన్నదమ్ములన్నాక మాటా మాటా వస్తాది. పోతాది. పార్టీ ఒక్కటే. ఈ పొద్దు నించి ఎగువపాళెంలో వర్గాల్లేవు."

ఒప్పందం ఏమిటో పటాసులు ఆరేలోపే అందరికీ పాకింది. వచ్చే ఎన్నికల్లో దామోదరం టికెట్టుకు రామచంద్ర అడ్డుపడడు. దానికి బదులుగా ఎంపీపీ కుర్చీ మెంబరుగా ఉన్న రామచంద్ర మరదలికి. ఇన్నాళ్లూ సంతోషమ్మను 'మా అక్క' అని మీటింగుల్లో చెప్పుకున్న దామోదరం ఆ అక్కను పొద్దున కాఫీ తాగినంత సులభంగా ఇచ్చేశాడు. రెండు వర్గాలు పోట్లాడుకున్నప్పుడు ఆమెకు కనీసం నిలబడే చోటుండేది. ఒకటయ్యాక అది కూడా పోయింది.

వరండాలో సంతోషమ్మ ఒక్కతే నిలబడి ఉంది. గంజి పెట్టిన నేతచీర, చేతిలో ఎప్పుడూ ఉండే సంచి. వయసు యాభై దాటింది. దామోదరం ఆమె దగ్గరికి వచ్చి తగ్గు గొంతుతో మాట్లాడాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న దేవకమ్మకు ప్రతి మాటా వినబడింది.

"మన ముగ్గురికీ చెప్పేసినా సంతోషమ్మా, చేతులెత్తతారు. నువ్వు కూడా ఎత్తితే ఏకగ్రీవమవుతాది. పేపర్లో బాగుంటాది. పార్టీకీ గౌరవం, నీకూ గౌరవం."

"నా మీద అవిశ్వాసానికి నేనా అన్నా?"

"దాన్నే త్యాగమంటారు. పార్టీ నీకు రేపు ఏదో ఒకటి చూడకుండా పోతాదా?"

"నేను డబ్బు తిన్యానంటాండారే. చెయ్యెత్తితే తిన్యానని ఒప్పుకున్నట్టు గదా?"

"అవన్నీ ఎవురు గుర్తు పెట్టుకుంటారమ్మా?" అని భుజం తట్టి వెళ్లిపోయాడు. సంతోషమ్మ సంచిని గుండెకు ఆనించుకుని గోడ వైపు తిరిగింది. దేవకమ్మకు ఆ క్షణంలో రామచంద్ర మీద ఉన్న కోపం కూడా చిన్నదైపోయింది. తిట్టేవాడు ఒక రకం. అక్కా అని పిలిచి తీసుకొచ్చి అప్పజెప్పేవాడిని ఏమనాలో ఆమెకు తెలియలేదు.

హాల్లో బల్లలు అర్ధచంద్రాకారంగా వేశారు. ఆర్డీవో మేడం మధ్యలో కూర్చుని రిజిస్టరు తెరిచారు. రామచంద్ర వర్గం వాళ్లు ఒక పక్క కూర్చోవాలని ముందే చెప్పారు. వర్గాల్లేవని బయట ప్రకటించాక కూడా కుర్చీలు అట్లాగే ఉన్నాయి. దేవకమ్మ ఆ వరస దాటుకుని పోయి సంతోషమ్మ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వు కూడానా దేవకమ్మా?" అంది సంతోషమ్మ, చూపు ఎత్తకుండా.

"ఏం కూడానో చూస్తువులే అక్కా."

లోపలికి మెంబర్లు తప్ప ఎవరూ రాకూడదు. అందుకని బయట వరండా వైపు కిటికీలు ముఖాలతో నిండిపోయాయి. ఒక కిటికీలో రామచంద్ర, దామోదరం భుజం భుజం ఆనించి. వాళ్ల వెనక మునిరత్నం, మునివేళ్ల మీద నిలబడి.

ఆర్డీవో మేడం తీర్మానం చదివారు. చదవడం అయ్యాక కళ్లద్దాలు సవరించుకుని, "అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి" అన్నారు.

అవతలి వరసలో చేతులు లేచాయి. తడిబట్టలతో ప్రమాణం చేసిన చేతులు అన్నీ త్వరత్వరగానే లేచాయి. ఇవతల దామోదరం మనుషులు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో నరేంద్ర అనేవాడు, కొత్తగా నెగ్గిన యువకుడు, కిటికీ వైపు చూసి చెయ్యి చెవి దాకా ఎత్తాడు. దేవకమ్మ తన రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టుకుంది. ఏదైనా జరిగితే ఇప్పుడే జరుగుతుందేమో అన్నట్టు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఏమీ జరగలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది.

కళ్లు తెరిచేసరికి పక్కన గాజులు గలగలమన్నాయి. సంతోషమ్మ చెయ్యి లేస్తోంది. తన మీద తనే, మెల్లగా, ఎవరిదో బరువు ఎత్తుతున్నట్టు. ముఖంలో ఏ భావమూ లేదు. మోచెయ్యి బల్ల విడిచింది.

దేవకమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. పట్టుకుని కిందికి లాగి బల్లకు అదిమింది.

"నువ్వెత్తొద్దక్కా" అంది. గొంతు హాలంతా వినిపించింది. "తప్పు చేయనోల్లు ఎందుకెత్తల్ల?"

ఆర్డీవో మేడం తలెత్తి చూశారు. "మాట్లాడకూడదమ్మా."

"మాట్లాడలేదు మేడం. చెయ్యి దించుతాండా."

నరేంద్ర చెవి దాకా వచ్చిన చెయ్యిని జుట్టులోకి పోనిచ్చి గోక్కుని కిందికి దించేశాడు. మిగిలిన ఇద్దరివి అసలు బల్ల కింద నుంచి పైకే రాలేదు. మేడం పెన్నుతో గాల్లో లెక్క పెట్టారు. ఇంకోసారి లెక్క పెట్టారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని కాసేపు ఆగారు.

"ఏడు" అన్నారు.

కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకున్నాడు రామచంద్ర. కోపం మొదటిసారి ముఖం మీదికి వచ్చింది. "దేవకమ్మా! ఒగటైన పార్టీని చీలుస్తాండావు. తెలస్తాందా నీకు?"

దేవకమ్మ లేవలేదు. కూర్చున్న చోట నుంచే తల తిప్పింది. "మీరిద్దరు ఒగటైతే పార్టీ ఒగటైనట్టా? మేం ఐదుగురం ఒగటైతే చీలినట్టా? అది యాడి లెక్కన్నా?"

దామోదరం ఏదో అనబోయాడు. రామచంద్ర అతన్ని పక్కకు నెట్టి వెనక్కి తిరిగాడు. "ఏమప్పా మునిరత్నం, ఏమిది? స్వామి ముందర కర్పూరం ఆర్పితివే! మీ ఆమె తరపున ప్రమాణం చేస్తివే!"

అందరి ముఖాలూ మునిరత్నం వైపు తిరిగాయి. అతను మునివేళ్ల మీద నుంచి పూర్తి పాదాల మీదికి దిగాడు. ఒకసారి లోపలికి, బల్ల దగ్గరికి చూశాడు.

"ప్రమాణం నేను చేసినా అన్నా. తప్పయిపోయింది. పోయి నేనే చెప్పుకుంటా స్వామికి" అన్నాడు. "చెయ్యి ఆమెది."

మేడం చిరాగ్గా "ఆ కిటికీలు మూయించండి" అన్నారు. కానిస్టేబుల్ రెక్కలు ఒక్కొక్కటే లాగుతుంటే బయటి అరుపులు పలచబడ్డాయి. మేడం రిజిస్టరులో తలవంచి రాయడం మొదలుపెట్టారు.

"చెయ్యి వదులు దేవకమ్మా" అంది సంతోషమ్మ సన్నగా. "నొస్తాండాది."

దేవకమ్మ చూసుకుంది. ఇంకా పట్టుకునే ఉంది. తన వేళ్ల కింద ఆ మణికట్టు ఎర్రగా కమిలి ఉంది.

"మేడం సంతకం పెట్టనీక్కా" అంది. "అప్పుడు వదుల్తా."